అంటీ అంటని పొర: ఉపరితలాల రసాయనం, కోనసీమ సాక్ష్యం

1. హద్దు దగ్గర మిగిలిన శక్తి

పదార్థం ఏదైనా దాని లోపలి అణువుల స్థితి ఒకటి, పైభాగాన ఉన్న అణువుల స్థితి మరొకటి. లోపలి అణువు చుట్టూ అన్ని దిక్కులా తనవంటి అణువులే ఉంటాయి కనుక దాని మీద పనిచేసే ఆకర్షణలు ఒకదానికొకటి సరిపోయి అది నిలకడగా ఉంటుంది. పైభాగాన ఉన్న అణువుకు లోపలి వైపు మాత్రమే తోడు ఉండి, బయటి వైపు పలచని గాలి తప్ప మరేమీ లేనందున దాని ఆకర్షణలో కొంత తీరకుండా మిగిలిపోతుంది. అలా మిగిలిన శక్తిని ఉపరితల శక్తి అంటారు. ద్రవాల విషయంలో ఇది ద్రవపు పైభాగాన్ని వీలైనంత కుదించాలని చూసే బిగువుగా కనిపిస్తుంది కనుక దానికి తలతన్యత అని పేరు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. కొబ్బరినూనెది అందులో సగం కూడా ఉండదు. నీటిబొట్టు గుండ్రంగా ముడుచుకోవడానికీ, నూనెబొట్టు పరుచుకోవడానికీ మధ్య ఉన్న తేడాకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

ఒకే పదార్థపు అణువులు తమలో తాము పట్టుకుని ఉండడం సంసంజనం, రెండు వేర్వేరు పదార్థాల అణువులు హద్దు దగ్గర ఒకదానినొకటి పట్టుకోవడం అసంజనం. ఘనపదార్థం మీద ద్రవపు బొట్టు పడినప్పుడు ఈ రెండు బలాల మధ్య పోటీ నడుస్తుంది. అసంజనం గెలిస్తే బొట్టు పరుచుకుంటుంది, సంసంజనం గెలిస్తే ముడుచుకుంటుంది. బొట్టు అంచు ఘనపదార్థంతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. ఈ కోణం ఆ పోటీ ఫలితాన్ని చూపుతుందని 1805లో ఇంగ్లండుకు చెందిన థామస్ యంగ్ వివరించాడు. శుభ్రమైన గాజు మీద నీటి స్పర్శకోణం దాదాపు సున్నా, మైనం మీద 105 డిగ్రీలకు పైన, తామరాకు మీద 150 డిగ్రీలకు మించి ఉంటుంది. తామరాకు మీద నీటిబొట్టు అనే మాట తెలుగువారి నోట సామెతగా స్థిరపడడానికి వెనుక ఉన్నది ఈ కోణమే.

అసంజనానికి జిగురు తప్పనిసరి కాదని ఇంటి గోడ మీది బల్లి చూపుతుంది. బల్లి జాతికి చెందిన గెకోల పాదాల అడుగున లక్షలాది సన్నని వెంట్రుకల నూగు ఉంటుంది. ఆ నూగులో ప్రతి వెంట్రుకా కొసన వందలాది శాఖలుగా చీలి, ఒక్కో శాఖ మిల్లీమీటరులో అయిదువేలవ వంతు వెడల్పున్న పలకతో ముగుస్తుంది. ఆ పలకలు గోడకు ఎంత దగ్గరగా ఆనుతాయంటే, అణువుల మధ్య సహజంగా ఉండే వాండర్ వాల్ బలాలు అనే అతి బలహీనమైన ఆకర్షణలు కోట్ల సంఖ్యలో కూడి జంతువు బరువును మోస్తాయి. ఒక్క వెంట్రుక పట్టును కెల్లర్ ఆటమ్ బృందం 2000లో కొలిచి చూపింది. అంత గట్టిగా పట్టుకున్న పాదాన్ని గెకో వెంట్రుకల వంపు కోణం మార్చి క్షణంలో విడిపించుకుంటుంది. పట్టుకోవడం ఎంత ముఖ్యమో, కావలసినప్పుడు విడవడం అంతే ముఖ్యమన్న ఈ సంగతి అసంజన శాస్త్రం మొత్తానికీ వర్తిస్తుంది. అంటుకునే గుణం ఏ ఒక్క వస్తువుకూ సొంతం కాదు. రెండు వస్తువుల హద్దు దగ్గర తేలే లెక్క అది. ఆ లెక్క తెలిసిన చేతికి అంటించడమూ వస్తుంది, విడదీయడమూ వస్తుంది.

2. వంటింటి తొట్టిలో పుట్టిన కొలత

ఈ లెక్కను కొలిచే పరికరం వంటింట్లో పుట్టింది. 1862లో జన్మించిన అగ్నెస్ పొకెల్స్ జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో జబ్బుపడిన తల్లిదండ్రులను చూసుకుంటూ ఇంటిపనులలో జీవితం గడిపిన మహిళ. ఆ కాలపు జర్మనీలో స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. గిన్నెలు కడిగే నీటి మీద జిడ్డు చేరినప్పుడు ఆ నీటి తీరు మారడాన్ని ఆమె గమనించి, ఇరవై ఏళ్ల ప్రాయంలోనే ఒక రేకు తొట్టిని నీటితో అంచులదాకా నింపి, దాని మీద అడ్డంగా పెట్టిన రేకు పట్టీని ముందుకూ వెనక్కూ జరుపుతూ నూనె పొరను నొక్కి చూసింది. నీటిపై ఆనించిన చిన్న గుండీని పైకి లేపడానికి ఎంత బలం కావాలో తక్కెడతో తూచి, తలతన్యత ఎంత తగ్గిందో లెక్కగట్టింది. పొర విశాలంగా ఉన్నంతసేపూ తలతన్యత దాదాపు మారదనీ, ఒక హద్దు దాటి పొరను నొక్కగానే అది చటుక్కున పడిపోతుందనీ ఆమెకు తేలింది. అణువులు ఒకదాని పక్కన ఒకటి ఇరుకుగా నిలబడే స్థితి అదేనని తర్వాతి శాస్త్రజ్ఞులు గుర్తించారు.

1891లో ఆమె తన ఫలితాలను ఇంగ్లండులోని శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీకి లేఖగా రాయగా, ఆయన దాని విలువ గ్రహించి నేచర్ పత్రికకు పంపడంతో అదే సంవత్సరం మార్చిలో అది అచ్చయింది. అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఆ తొట్టినే మెరుగుపరచి, ఒకే అణువు మందం గల పొరలను అధ్యయనం చేసి, ఉపరితల రసాయనంలో కృషికి 1932లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ సంవత్సరమే, డెబ్బైవ ఏట, పొకెల్స్‌కు ఆమె సొంత ఊరి సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. చేతిపనిలో తెలిసిన సత్యానికి శాస్త్రంగా పూర్తి గుర్తింపు రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టిందంటే, ఇప్పటికీ గుర్తింపు రాని చేతిపనుల వైపు శ్రద్ధగా చూడవలసిన అవసరం ఎంత ఉందో తెలుస్తుంది. అటువంటి పని ఒకటి కోనసీమలో నిత్యం జరుగుతూ ఉంది.

3. ఆత్రేయపురం కుండ

గోదావరి ధవళేశ్వరం ఆనకట్ట దాటి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిన చోటికి దగ్గరలో ఆత్రేయపురం ఉంది. కొత్తపేట నియోజకవర్గంలోని ఈ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. పేరులోనే తయారీ విధానం ఉంది: పూత అంటే ఒక తలం మీద పలచగా పూసిన ద్రవం, రేకు అంటే ఆ తలం నుంచి విడివడి వచ్చిన పొర. పూత నిలవాలంటే అసంజనం కావాలి, రేకు లేవాలంటే ఆ అసంజనం తెగిపోవాలి. ఈ రెండూ కొద్ది క్షణాల తేడాలో, ఒకే కుండ మీద జరగాలి.

నానబెట్టిన జయ రకం బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పాలవలె జారుగా కలిపి, బోర్లించిన ప్రత్యేకమైన కుండ కింద ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు. పలచని నూలుగుడ్డను పిండిలో ముంచి, రెండు చేతులతో చాచి పట్టుకుని, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతారు. గుడ్డ వదిలిన తడి క్షణంలో తెల్లబడి, ఆరి, అంచుల దగ్గర తనంతట తానే చిట్లినట్టు పైకి లేస్తుంది. ఆ అంచును వేళ్లతో పట్టి లాగితే కాగితంకన్నా పలచని రేకు కుండ ఆకారంలో ఊడివస్తుంది. చూడడానికి తేలికగా ఉన్న ఈ పనిలో ఉపరితల రసాయనం మొత్తం ఇమిడి ఉంది.

బియ్యపు పిండిలో ఉండేది ప్రధానంగా స్టార్చ్. సాధారణ ధాన్యాలన్నింటిలోకీ బియ్యపు స్టార్చ్ రేణువులు చిన్నవి, మిల్లీమీటరులో వెయ్యింట కొన్ని వంతులు మాత్రమే. పొర అంత పలచగా, నునుపుగా రావడానికి ఈ చిన్నతనం తోడ్పడుతుంది. నీటితో కలిసి సుమారు 65 నుంచి 80 డిగ్రీల వరకు వేడెక్కేసరికి ఈ రేణువులు ఉబ్బి, వాటిలోని అమైలోజు అనే పొడవైన గొలుసు అణువులు బయటికి వచ్చి, హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి అల్లుకుని వలగా మారతాయి. హైడ్రోజన్ బంధం అంటే ఒక అణువులో ఆక్సిజన్‌ను అంటిపెట్టుకున్న హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు ఆకర్షితమవడం. ఒక్కొక్కటిగా ఈ బంధం బలహీనమే అయినా, గొలుసు పొడవునా వరుసగా ఏర్పడినప్పుడు పొరకు చిరగని గట్టిదనం ఇస్తుంది.

చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. కాల్చిన మట్టి పైభాగాన కూడా ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు ఉంటాయి కనుక అమైలోజు గొలుసులు తమలో తాము పట్టుకున్నట్టే మట్టినీ పట్టుకోగలవు. అదీగాక కొత్త కుండకున్న సూక్ష్మరంధ్రాలలోకి పిండి దిగి అక్కడే గట్టిపడితే రేకు లేవదు, ముక్కలుగా చిరుగుతుంది. నూనె రాసి మంట మీద పదునెక్కించిన కుండలో ఆ రంధ్రాలు చాలావరకు పూడి, మట్టికీ పిండికీ మధ్య జిడ్డు పొర ఏర్పడి, బంధాలు కుదిరే చోట్లు తగ్గిపోతాయి. జిడ్డు మరీ ఎక్కువైనా ప్రమాదమే. అప్పుడు నీటి స్పర్శకోణం పెరిగి, పూత పరుచుకోకుండా బొట్లుబొట్లుగా ముడుచుకుని, రేకు నిండా చిల్లులు పడతాయి. పూతను పట్టేంత తడి గుణం, రేకును విడిచేంత జిడ్డు గుణం ఒకే తలంలో సమపాళ్లలో ఉండాలి.

మంట తీవ్రతకూ ఇటువంటి హద్దే ఉంది. బాగా కాలిన పెనం మీద నీటిచుక్క అంటుకోకుండా నాట్యమాడడం అందరూ చూసినదే. చుక్క కింద పుట్టిన ఆవిరి దానిని పైకి మోస్తుందని 1756లో యోహాన్ లైడెన్‌ఫ్రాస్ట్ రాశాడు. కుండ అంత వేడెక్కితే పూత పట్టదు, వేడి చాలకపోతే స్టార్చ్ ఉడికి పొరగా అల్లుకోదు. సరైన వేడిలో నీరు ఆవిరై పోతున్నకొద్దీ పొర కుంచించుకుపోవాలని చూస్తుంది, కింద ఉన్న కుండ మాత్రం కుంచించుకోదు. ఈ పెనుగులాటలో పుట్టిన బిగువు పొర అంచుల దగ్గర ఎక్కువగా చేరి, అక్కడి బలహీనమైన అసంజనాన్ని తెంపుతుంది. అంచు తనంతట తాను లేవడానికి కారణం ఇదే.

పొర మందాన్ని నిర్ణయించేది చేతి వేగం. ద్రవంలోంచి పలకను బయటికి లాగే వేగం పెరిగినకొద్దీ పలక మీద మిగిలే పొర మందమవుతుందని 1942లో లెవ్ లాండౌ, బెంజమిన్ లెవిచ్ గణితంతో చూపారు. కుండ మీద లాగే గుడ్డకు ఆ సూత్రం యథాతథంగా అన్వయించకపోయినా, పిండి చిక్కదనం, తలతన్యత, చేతి వేగం అనే మూడింటి మధ్య తూకమే అక్కడా పొర మందాన్ని తేలుస్తుంది. ఆరిన రేకు పెళుసుగా ఉండి ముట్టుకుంటే విరుగుతుంది కనుక చుట్టే ముందు తడిగుడ్డతో అద్దుతారు. నీటి అణువులు అమైలోజు గొలుసుల మధ్య దూరి అవి జారే వీలు కల్పించడంతో రేకు మెత్తబడి మడత పడుతుంది. నెయ్యికి ఆ గుణం లేదు. అది గొలుసుల మధ్యకు పోకుండా పొరల మధ్యనే నిలిచి, పంచదార పొడితోనో బెల్లం పొడితోనో నింపిన మడతలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. మెత్తదనానికి నీరు, విడివిడితనానికి నెయ్యి అనే ఈ పని విభజన రేకులు చుట్టే స్త్రీల చేతులకు ఎప్పటి నుంచో తెలుసు.

4. పీచు, రెసిన్, ఒక ఆచార్యుని పరిశోధన

కోనసీమ ఆర్థిక జీవనానికి ఆధారమైన కొబ్బరిలో కూడా ఇదే సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. అంబాజీపేట, అమలాపురం, రాజోలు ప్రాంతాలలో కాయ వలిచిన తర్వాత మిగిలే డొక్కల నుంచి పీచు తీస్తారు. తాళ్లకూ, చాపలకూ, పరుపులకూ వాడే ఈ పీచును ప్లాస్టిక్ రెసిన్‌తో కలిపి పలకలుగా, అచ్చులుగా పోస్తే కలపకు ప్రత్యామ్నాయం దొరుకుతుంది. ఇలా రెండు పదార్థాలను కలిపి, ఏ ఒక్కదానికీ లేని గుణాన్ని రాబట్టే పదార్థాన్ని మిశ్రమ పదార్థం అంటారు. ఇందులో బరువు మోసేది పీచు, ఆ బరువును పీచు నుంచి పీచుకు పంచేది రెసిన్. పంచడం మాత్రం ఆ రెండింటి హద్దు దగ్గర జరుగుతుంది కనుక, ఆ హద్దు బలహీనమైతే పీచు ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు.

సహజమైన పీచులతో ఈ హద్దును బలపరిచే మార్గాలను దీర్ఘకాలం పరిశోధించిన తెలుగు శాస్త్రజ్ఞులలో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ పాలిమర్ శాస్త్ర విభాగంలో పనిచేసిన ఆచార్య ఎ. వరదరాజులు ముఖ్యులు. పాలిమర్ అంటే చిన్న అణువులు గొలుసుగా కూడి ఏర్పడిన పెద్ద అణువు; రెసిన్, సెల్యులోజు, స్టార్చ్ అన్నీ పాలిమర్లే. తూర్పు కనుమలలో అరుదుగా కనిపించే హిల్డెగార్డియా పాపులిఫోలియా అనే చెట్టు బెరడు నుంచి వచ్చే, ప్రకృతే నేసినట్టుండే పీచు వస్త్రం మీదా, తాటిపండు పీచు మీదా ఆయన, ఆయన సహచరులు చేసిన అధ్యయనాలు అంతర్జాతీయ పత్రికలలో వెలువడ్డాయి. తాటిపీచు మీది పత్రాలలో ఒకటి 2009 నాటిది. తాటిచెట్టు కోనసీమ చేలగట్లకూ కొత్తది కాదు.

ఆ అధ్యయనాల కేంద్రంలో ఉన్నది ఒక సులువైన ప్రక్రియ. పీచును సుమారు 5 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో కొంతసేపు నానబెట్టి, శుభ్రంగా కడిగి ఆరబెడతారు. పీచులో గట్టిదనానికి మూలమైన సెల్యులోజు, దానిని చుట్టి ఉండే హెమిసెల్యులోజు, కలపకు బిరుసునిచ్చే లిగ్నిన్, పైన మైనపు పదార్థాలు ఉంటాయి. క్షారం ముఖ్యంగా హెమిసెల్యులోజును, పైనున్న మైనాన్ని కరిగించి తొలగిస్తుంది. పీచు గుండా పరారుణ కాంతిని పంపినప్పుడు ఏ బంధం ఏ తరంగాన్ని పీల్చుకుంటుందో చూపే పరికరంలో హెమిసెల్యులోజు గుర్తు తగ్గిపోవడం, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నునుపైన పీచు గరుకుగా మారడం ఈ మార్పుకు సాక్ష్యాలు.

మైనం తొలగడం ఎందుకంత ముఖ్యమో అర్థం కావడానికి సున్నం పొడిగా రాలుతున్న గోడను తలచుకోవచ్చు. దాని మీద ఎంత మంచి రంగు వేసినా అది అంటుకునేది గోడకు కాదు, రాలే సున్నానికి. సున్నంతో పాటే రంగూ పెచ్చులుగా ఊడుతుంది. అసంజన శాస్త్రంలో ఇటువంటి దానిని బలహీన సరిహద్దు పొర అంటారు. కొబ్బరిపీచు మీది మైనం అటువంటి పొరే. కొబ్బరిపీచు బరువులో 40 శాతానికి పైగా లిగ్నిన్ ఉండడం వల్ల అది నీటిలో తొందరగా కుళ్లదు గాని, దాని పైభాగాన్ని కప్పిన మైనపు పదార్థం రెసిన్‌ను దరి చేరనివ్వదు; క్షారంతో అది తొలగినప్పుడు పీచు ఒంటి మీది చిన్న గుంటలు తెరుచుకుని, రెసిన్ వాటిలోకి దిగి, గట్టిపడ్డాక వేళ్లు పెట్టి పట్టుకున్నట్టు నిలుస్తుంది. క్షారం మోతాదు మించితే సెల్యులోజు గొలుసులే తెగి పీచు బలహీనపడుతుంది కనుక ఇక్కడా మితమే సూత్రం.

ఈ పట్టును పరీక్షించే విధానం ఎంతో బోధపరుస్తుంది. తయారైన పలకను విరిచి, విరిగిన ముఖాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తారు. పీచులు నున్నగా బయటికి జారి, వెనుక ఖాళీ గుంటలు మిగిలితే అసంజనం చాలలేదని అర్థం. బయటికి వచ్చిన పీచు ఒంటిని రెసిన్ తునకలు అంటిపెట్టుకుని ఉంటే పట్టు కుదిరిందని అర్థం. అయితే పట్టు మరీ గట్టిదైతే పగులు రెసిన్ నుంచి పీచులోకి నేరుగా పాకి పలక గాజులా పెళుసుగా విరుగుతుంది. పీచు కొద్దిగా జారే వీలుంటే ఆ జారడంలోనే దెబ్బ శక్తి ఖర్చయి పలక నిలబడుతుంది. అంటీ అంటని స్థితి కుండకు ఎంత అవసరమో మిశ్రమ పదార్థానికీ అంతే అవసరం.

5. ఆకు మీద నిలవని బొట్టు

పొలంలో, తోటలో ఇదే లెక్క రైతు ఖర్చుగా కనిపిస్తుంది. తామరాకు, చేమాకు వంటి వాటి మీద సూక్ష్మమైన బొడిపెలు, వాటి మీద అంతకన్నా సూక్ష్మమైన మైనపు స్ఫటికాలు ఉండి, నీటిబొట్టు ఆ కొసల మీదనే, కింద గాలిని దిండుగా చేసుకుని నిలుస్తుంది. బొట్టు దొర్లేటప్పుడు దుమ్మును కూడా మోసుకుపోతుందని విల్‌హెల్మ్ బార్ట్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హూయిస్ 1997లో వివరించారు. అంతటి ప్రత్యేక నిర్మాణం లేకపోయినా చాలా పంటల ఆకుల మీద మైనపు పూత ఉంటుంది. మందు పిచికారీ చేసినప్పుడు వేగంగా వచ్చిన బొట్టు ఆకును తాకి పలచగా పరుచుకున్నా, తలతన్యత దానిని మళ్లీ ముడిచి బంతిలా ఎగరగొట్టగలదు. అలా జారిన మందు నేలలోకీ, కాలువలోకీ చేరుతుంది. ఇంటి వెనుక కాలువ పారే కోనసీమకు ఇది పట్టనట్టు వదిలేయదగిన విషయం కాదు.

ఐఐటీ మద్రాసులో చదివి, అమెరికాలోని ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ ఆచార్యులుగా ఉన్న కృపా వారణాసి బృందం ఈ సమస్యకు 2016లో ఒక మార్గం ప్రకటించింది. ధనావేశం గల పాలిమర్‌ను కొంత మందులో, రుణావేశం గల పాలిమర్‌ను మరికొంత మందులో కలిపి రెంటినీ ఒకేసారి చల్లితే, ఆకు మీద ఎదురైన బొట్లలో ఆ రెండు పాలిమర్లూ ఒకదానినొకటి ఆకర్షించి, విరిగి, సన్నని మరకలుగా ఆకుకు పడతాయి. నీటిని దూరంగా నెట్టే తలం మీద అవి నీటిని పట్టే చుక్కలుగా పనిచేసి, తర్వాతి బొట్టు ఎగిరిపోకుండా ఆపుతాయి. నూటికి ఒక పాలు కూడా లేని నూనెను బొట్టు చుట్టూ పలచని తొడుగుగా పట్టించినా బొట్టు ఆకును వదలదని అదే బృందం తర్వాత చూపింది. పెద్ద రసాయనాల అవసరం లేకుండా హద్దు స్వభావాన్ని మాత్రమే మార్చి ఫలితం సాధించడం ఈ పరిశోధనల విశేషం.

6. మసిని లేపే గంజి

కొబ్బరి తోటల మీద సర్పిలాకార తెల్లదోమ దాడి 2016లో తమిళనాడులో బయటపడి, తర్వాత గోదావరి జిల్లాలకు పాకింది. ఆకు అడుగున వలయాలుగా గుడ్లు పెట్టి, మైనపు నూగు కప్పుకుని రసం పీల్చే ఈ పురుగు విడిచే తియ్యని జిగట పదార్థం కింది ఆకుల పైభాగాన పడి, దాని మీద నల్లని బూజు పెరుగుతుంది. మసి పట్టినట్టున్న ఆ పొర సూర్యకాంతిని అడ్డుకోవడంతో ఆకు ఆహారం తయారుచేసుకోవడం తగ్గుతుంది. వేపనూనెను సబ్బుపొడితో కలిపి చల్లమనడం దీనికి ఇచ్చే సలహాలలో ఒకటి. సబ్బు అణువుకు ఒక కొస నీటికీ, మరో కొస నూనెకూ చుట్టం. అది నూనెను నీటిలో చిన్న బొట్లుగా కలపడమే కాక, నీటి తలతన్యతను సగానికి పైగా తగ్గించి, మైనపు నూగు మీద మందు పరుచుకునేటట్టు చేస్తుంది. పురుగు మీద దాడికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఐసేరియా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కూడా ప్రచారంలోకి తెచ్చింది.

మసి పొరను తొలగించడానికి కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ చెప్పిన ఉపాయం ఈ వ్యాసానికి అత్యంత సన్నిహితమైనది: 1 శాతం గంజి ద్రావణాన్ని ఆకుల మీద చల్లడం. గంజి బూజు పోగుల మధ్యకు దిగి, ఎండలో ఆరుతూ, పొరగా బిగుస్తుంది. ఆ పొరకు బూజుతో పట్టు ఎక్కువ, కింద ఉన్న ఆకు మైనంతో పట్టు తక్కువ. ఆరే కొద్దీ కుంచించుకుపోవాలని చూసే గంజి, కుంచించుకోని ఆకు, వాటి మధ్య పెరిగే బిగువు, ముందుగా తెగే బలహీనమైన హద్దు, అన్నీ ఆత్రేయపురం కుండ మీద జరిగినట్టే జరుగుతాయి. అక్కడ తినే రేకు లేస్తే, ఇక్కడ నల్లని బూజును తనతో మోసుకుని గంజి పొర పెచ్చులుగా ఊడిపోతుంది.

కుండ వీపు మీద రేకు తీసే పనికీ, కొబ్బరాకు మీద మసి లేపే పనికీ మధ్య కోనసీమలో కొద్ది కిలోమీటర్ల దూరమే ఉన్నా, ఆ రెండూ ఒకే శాస్త్రమని పిల్లలకు చెప్పే పాఠం ఇప్పటికీ తక్కువే. పొకెల్స్ తొట్టి వంటి తొట్టిని ఒక రేకు డబ్బాతో ఏ గ్రామ పాఠశాలలోనైనా చేయవచ్చు. స్పర్శకోణాన్ని చేమాకు మీద, కొబ్బరాకు మీద, నూనె రాసిన కుండపెంకు మీద, రాయని కుండపెంకు మీద ఒక్కో చుక్క వేసి, పక్క నుంచి చూసి, గీసి, కొలవవచ్చు. ఆ నాలుగు చుక్కల మధ్య తేడాను స్వయంగా చూసిన విద్యార్థికి, నూనె గుడ్డతో కుండ తుడిచే ఇంటి ఆడవారు ప్రతిరోజూ ఏమి కొలుస్తున్నారో కూడా అర్థమవుతుంది.